మామ నీళ్లు పోసిన ఎండాకాలం

మా మామ చిన్నయ్య, అంటే నా భర్త తండ్రి, ముప్పై నాలుగేళ్లు బల్లార్‌పూర్ బొగ్గుబాయిలో పనిచేశాడు. పసిపిల్లకు నీళ్లు పోయడం మాత్రం అరవై మూడో ఏట, ఒకే ఒక్క ఎండాకాలంలో నేర్చుకున్నాడు. అది మా పాప పుట్టిన ఎండాకాలం. ఇప్పటికి మూడేళ్లు దాటింది. చంద్రపూర్ ఎండల గురించి చెప్పుకోవడానికి ఊళ్లో ప్రతి ఏడూ ఏదో ఒకటి ఉంటుంది కానీ, మా ఇంట్లో "ఆ ఎండాకాలం" అంటే అదొక్కటే.

అప్పుడు మేము బాబూపేటలో అద్దెకుండేవాళ్లం. రెండు గదులు, ముందు రేకుల వసారా. తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వసారా పోయింది, మేమూ ఇల్లు మారాం. ఇప్పటికీ అటు వెళ్తే నా కళ్లు ఆ వసారా ఉన్న చోటునే వెతుకుతాయి. అంత బాధపడిన రోజుల మీద ఇంత బెంగేమిటని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం.

పెళ్లికి ముందు నుంచీ నేను ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. మరాఠీ మీడియం. పదిహేడో ఎక్కం, పందొమ్మిదో ఎక్కం పిల్లలతో పాటలా పాడించేదాన్ని. బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేలోపే జవాబు నా తలలో వచ్చి కూర్చునేది. నాకున్న గర్వమల్లా అదే.

పాప మార్చి చివర్లో పుట్టింది. మా అమ్మ గంగవ్వ విరూర్ నుంచి వచ్చి ఇరవై ఒక్క రోజులు ఉంది. అక్కడ మా నాన్న తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నాడు. ఇరవై రెండో రోజు పొద్దున పాసింజర్‌కు అమ్మ వెళ్లిపోక తప్పలేదు. పోతూ పోతూ నా మొహంలోకి చూసి, "గిట్ల మొకం ముడుసుకొని కూసోకు బిడ్డా. నువ్వు పుట్టినప్పుడు నేను పదిహేను రోజులకే చేనుకు పోయిన," అంది. మంచికే అంది. నేను మాత్రం రోజంతా అదే అనుకున్నాను: అలాంటి మనిషికి పుట్టి నేను మంచం దిగలేకపోతున్నానేమిటి?

ఏం జరుగుతోందో నాకే తెలియలేదు. ఏడుపు రాలేదు. అన్నం గడ్డి తిన్నట్టుండేది. పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. పాప ఏడిస్తే ఆ ఏడుపు పక్కింట్లోంచి వస్తున్నట్టుండేది. లేచి ఎత్తుకునేదాన్ని, పాలిచ్చేదాన్ని. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నేను ఎక్కడో దూరంగా కూర్చొని చూస్తున్నట్టుండేది. బిడ్డ మొహం చూడగానే తల్లికి ప్రేమ పొంగుకొస్తుందని అందరూ చెప్పారు. నాకేమీ రాలేదు.

దానికి తోడు భయాలు. పాపను ఎత్తుకొని కూలర్ పక్క నుంచి నడవాలంటే కాళ్లు ఆగిపోయేవి. తిరుగుతున్న ఆ రెక్కలు చూస్తే తలలోకి రాకూడని బొమ్మ ఒకటి వచ్చేది. ఎవరితో చెప్పుకోను? చెబితే పిచ్చిదంటారు, పాపను నా దగ్గర ఉంచరు అనుకునేదాన్ని.

నా భర్త హరికృష్ణ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి షిఫ్టుల మీద వెళ్లేవాడు. మనిషి మంచివాడే. "అందరికి అయ్యేదే స్నేహా, జర వానలు వడనీ, అన్ని సర్దుకుంటయ్," అనేవాడు.

నా పాలు సరిపోవడం లేదని డబ్బాపాలు కూడా పట్టమన్నారు. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి, మూడు చెంచాల పొడి వేయాలి. ఒకరోజు పొద్దున సీసా పట్టుకొని నిలబడ్డాను. ఒకటి, రెండు... ఇప్పుడు వేసింది రెండోదా, మూడోదా? పారబోశాను. మళ్లీ నీళ్లు, మళ్లీ పొడి. ఒకటి... మళ్లీ తప్పింది. మూడోసారి కూడా పారబోస్తుంటే గడపలో మామ నిలబడి చూస్తున్నాడు.

"నువ్వు చెంచా ఎయ్యి బిడ్డా. నేను లెక్కవెడత," అన్నాడు.

వేశాను. "ఒకటి," అన్నాడు గట్టిగా. "రెండు. మూడు. అయిపాయె."

లెక్కల టీచరుకు మూడు దాకా లెక్కపెట్టడానికి తోడు కావాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి పాలు కలిపే వేళకు మామ ఎక్కడున్నా వచ్చి గడపలో నిలబడేవాడు. 

పాపకు నీళ్లు పోయడానికి పక్కింటి లక్ష్మీబాయి వచ్చేది. మరాఠీ ఆమె. ఆ పేటలో సగంమంది పిల్లలు ఆమె కాళ్ల మీద నీళ్లు పోసుకున్నవాళ్లే. మే మొదటి వారంలో ఆమె మోకాళ్లు పట్టేశాయి, కింద కూర్చోవడం కుదరదంది. మరునాడు మామ వెళ్లి ఆమెను చేయిపట్టి నడిపించుకొచ్చి, వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"నాకు నేర్పు బాయీ," అన్నాడు.

లక్ష్మీబాయి పొట్ట పట్టుకొని నవ్వింది. "అరే దాదా, ఇది బొగ్గు తవ్వుడు కాదు!"

"ఎరికే. బొగ్గయితే నాకే వచ్చు గదా."

మామ లుంగీ మోకాళ్ల పైకి మడిచి, పీట మీద కూర్చొని కాళ్లు చాపాడు. ఆమె కుర్చీలోంచి హుకుం జారీచేస్తుంటే, ఆయన పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. మామ చేతుల మీద నీలంగా మచ్చలుంటాయి. బాయిలో గాయాలైనప్పుడు బొగ్గు పొడి లోపలే ఉండిపోయి చర్మం మూసుకుంటే అలా మిగిలిపోతాయట. ఆ చేతులకు నువ్వుల నూనె రాసుకొని, పాప వీపు మీద పెట్టబోయి, ఆపేశాడు. 

"బాయిల కప్పు కూలుతదన్ననాడు గూడ గింత భయం కాలే," అన్నాడు.

నేను మంచం మీద నుంచి చూస్తున్నాను. నవ్వు రావలసిన చోటది. రాలేదు. కానీ ఆ దృశ్యం మాత్రం ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా నాతోనే ఉంది: శనగపిండి వాసన, రేకుల సందులోంచి పడ్డ ఎండ, తడిసిన లుంగీ, "మెడ పట్టుకో దాదా, మెడ!" అని లక్ష్మీబాయి అరుపు.

వారం తిరిగేసరికి మామకు చేయి కుదిరింది. నీళ్లు పోసేటప్పుడు పాపతో ఒకటే మాటలు. పాప ఊఁ అంటే తనూ ఊఁ అనేవాడు. పాప నోరు తెరిస్తే తనూ తెరిచేవాడు. "ఏమంటున్నవ్? నీళ్లు ఎక్కువ కాగినయా? రేపు సల్లగ పోస్త సారూ, మాఫ్ చెయ్యి."

ఆ నెలలోనే ఆశా కార్యకర్త ప్రతిభ వచ్చింది. పాప బరువు చూసి, తర్వాత ఒక కాగితం తీసి నన్ను మరాఠీలో పది ప్రశ్నలు అడిగింది. గత ఏడు రోజుల్లో నవ్వగలిగావా, కారణం లేకుండా భయపడ్డావా, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా. అన్నిటికీ అంతా బాగానే ఉందన్నట్టే జవాబు చెప్పాను. ప్రతిభ నా మొహం వైపోసారి, కాగితం వైపోసారి చూసి, "వహినీ, మళ్లీ వస్తా," అని వెళ్లిపోయింది. మరాఠీలో వదినను వహినీ అంటారు.

మామ వసారాలో పాపను ఒళ్లో పెట్టుకొని ఉన్నాడు. అన్నీ విన్నట్టున్నాడు.

"బాయిల నా పని ఏందో ఎరికేనా బిడ్డా?" అన్నాడు. "కప్పు సూసుడు. బొగ్గు పేల్చినంక అందరికన్న ముందు నేను లోపలికి పోయేటోణ్ణి. ఇనుప కడ్డీతోని కప్పు మీద కొట్టి ఇనాలె. గట్టిగున్న కప్పు ఖంగుమంటది. లోపల పగిలిన కప్పు బోలుగ మోగుతది. పైకి సూస్తే రెండూ ఒక్క తీర్గనే ఉంటయ్."

పాపను భుజం మీదికి మార్చుకున్నాడు.

"నీ గొంతు బోలుగ మోగుతున్నది."

"ఏం లేదు మామా, ఎండకు," అన్నాను.

"ఎండకే కావొచ్చు," అన్నాడు. కానీ ఆ సాయంత్రం హరిని పక్కకు పిలిచి ఏదో చెప్పడం చూశాను. ప్లాంటులో మరమ్మతులు నడుస్తున్నాయని, అవి అయ్యాక సెలవు పెడతానని హరి అంటున్నాడు.

అది మే నాలుగో వారం. మధ్యాహ్నం రెండు గంటలు. మామ తాగేనీళ్ల క్యాను తేవడానికి వీధి చివరకు వెళ్లాడు. పాప తొట్టెలో నిద్రపోతోంది. ఎన్నో రోజుల తర్వాత నా తలలో ఒక ఆలోచన చాలా తేటగా వచ్చింది: నేను లేకపోతేనే పాపకు మంచిది. సీసా కడిగి బోర్లించాను. తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచాను.

విరూర్‌కు, అమ్మ దగ్గరికి పోదామనుకున్నానో, ఇంకేదైనా అనుకున్నానో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. రోడ్డు మీద కుక్క కూడా లేదు. తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. స్టేషన్‌కు వెళ్లి ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాను. బల్లార్‌పూర్ వైపు వెళ్లే బండి ఒకటి వచ్చింది, ఆగింది, పోయింది. నేను లేవలేదు.

అవతలి బెంచీ మీద ఎవరిదో పసిబిడ్డ ఏడ్చింది. నా జాకెట్టు ముందంతా పాలతో తడిసిపోయింది. కిందికి చూసుకున్నాను. నా తలకు తెలియనిదేదో నా ఒంటికి తెలుసన్నట్టుంది. అలా ఎంతసేపు కూర్చున్నానో.

తల ఎత్తేసరికి మామ వస్తున్నాడు. తడి తువ్వాలలో చుట్టిన పాప ఛాతీకి ఆనుకొని ఉంది. చొక్కా జేబులో పాలసీసా. కాళ్లకు చీలమండల పైదాకా నల్లటి బురద, ఎండిపోయి పగుళ్లిచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు.

వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడనిచ్చాడు.

"బండి ఎప్పుడున్నది?" అన్నాడు.

"పోయింది మామా."

"మంచిది. ఇంకోటి వచ్చేదాంక కూసుందాం."

కూర్చున్నాం. పాప కదిలితే మామ సీసా తీసి నా చేతిలో పెట్టాడు. "మూడు చెంచాలే ఏసిన. గట్టిగ లెక్కవెట్టిన," అన్నాడు.

పాప తాగుతుంటే అడిగాను, "కాళ్లకు ఆ బురదేంది మామా?"

"జర్పట్ వాగు కాడికి పోయిన. ముందు గక్కడికే ఉరికిన."

 పాపను లక్ష్మీబాయి చేతిలో పెట్టి ఆయన నేరుగా వాగుకు పరిగెత్తాడనీ, అక్కడ గుర్రపుడెక్కలో దిగి వెతికాడనీ, తిరిగొస్తుంటే ప్రతిభ ఎదురై నన్ను స్టేషన్ వైపు పోతుంటే చూశానని చెప్పిందనీ, ఇంటికెళ్లి పాలు కలుపుకొని పాపను తీసుకొని వచ్చాడనీ తర్వాత తెలిసింది.

"రేపు పెద్దాసుపత్రికి పోదాం," అన్నాడు మామ. "నువ్వు, నేను, హరిగాడు. వానికి సెలవు దొరికినా దొరకకున్నా."

ఆసుపత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరు పేరు గీతిక. వాళ్ల నాన్న ఆంధ్ర నుంచి కరెంటు ప్లాంటుకు ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. నా ఇంటిపేరు చూసి, "తెలుగులోనే మాట్లాడుకుందామా అమ్మా?" అంది. ఆ మాటకే నాకు రెండు నెలల ఏడుపు ఒక్కసారి వచ్చేసింది. అన్నీ చెప్పాను. కూలర్ సంగతి కూడా. హరి నా పక్కనే కూర్చొని, తొలిసారి వింటున్నాడు.

"అలాంటి ఊహలు చాలామంది తల్లులకు వస్తాయి," అంది డాక్టరు. "మీరు చేయాలనుకుంటే ఇంత భయపడరు. బిడ్డకు ఏమవుతుందోనని మీ మెదడు మరీ ఎక్కువగా కాపలా కాస్తోంది. కడుపుతో ఉన్నప్పటి నుంచే తల్లి మెదడు మారుతుందమ్మా. బిడ్డ ఏడుపు వినడానికి, బిడ్డ మొహం చదవడానికి కొత్తగా సర్దుకుంటుంది. ఇల్లు సర్దేటప్పుడు కావలసిన వస్తువు చేతికి దొరకదు చూడండి, అలా పేర్లు, లెక్కలు జారిపోతుంటాయి. దాని మీద నిద్ర లేదు, ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయాయి. కొందరికి అది జబ్బుగా దిగుతుంది. జబ్బుకు మందుంది. పాలిస్తూ వేసుకోగలిగినదే ఇస్తాను. వారం వారం వచ్చి నాతో మాట్లాడాలి."

నేను అడగాలనుకున్నది అది కాదు. "మరి పాప మెదడు మేడమ్? రెండు నెలలు నేను దాని మొహం చూసి నవ్వలేదు."

"మరి ఎవరు నవ్వారు?"

నేను మామ వైపు చూశాను. డాక్టరు కూడా చూసింది.

"బిడ్డ మెదడు ఎదగడానికి, తను ఊఁ అంటే తిరిగి ఊఁ అనే మనిషి కావాలి. ఆ మనిషి తాతయినా సరిపోతుంది. మీరు కోలుకునేదాకా ఆయన ఆ పని చేస్తున్నాడు. ఇంకో మాట, కనకపోయినా, ఎత్తుకొని పెంచేవాళ్ల మెదడు కూడా మారుతుంది."

"అరవై మూడేండ్ల మెదడు గూడానా?" అన్నాడు మామ.

"మారుతుంది."

"గదా! గందుకే పిల్ల ఏడ్వకముందే నాకు మెలకువైతున్నది," అన్నాడు. డాక్టరు నవ్వింది. నాకూ పెదవి కొంచెం కదిలినట్టు గుర్తు.

తర్వాత ఆమె కాగితం మీద రాసుకుంటూ, "మీ రెండిళ్లలో ఇంకెవరికైనా కాన్పు తర్వాత ఇలా అయిందా?" అని అడిగింది.

"లేదు," అన్నాను.

"అయింది," అన్నాడు మామ. తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. "వీని తల్లికి. లస్మవ్వకు."

హరి తిరిగి చూశాడు. "అమ్మకు జరం గదా బాపూ?"

"జరం కాదు." మామ డాక్టరుతోనే చెప్పాడు, కొడుకు వైపు తిరగలేదు. "వీడు మూడు నెలల పోరడు. ఆమె గిట్లనే ఉండె. మాట్లాడితే బోలుగ. గాలి సోకిందన్నరు, తాయెత్తు కట్టిచ్చిన. నేను డబల్ షిఫ్టులు జేసుకుంట బాయిలనే ఉన్న. బాయిల కప్పును ఇన్న గని, ఇంట్ల మనిషిని ఇనలే. ఒకనాడు బట్టలు ఉతకనీకని వర్ధా నది కాడికి పోయింది. మల్ల రాలే."

అంతే చెప్పాడు.  డాక్టరు కలం కింద పెట్టేసింది.

మందు పనిచేయడానికి మూడు వారాలు పట్టింది. హరి బతిమాలుకొని పగటి షిఫ్టు వేయించుకున్నాడు. తెల్లవారుజామున పాలు పట్టే పని తనదే అన్నాడు. డాక్టరు నాకు బడిపిల్లకిచ్చినట్టు హోంవర్కు ఇచ్చింది: రోజుకు పది నిమిషాలు పాప మొహంలో మొహం పెట్టి కూర్చోవాలి, పాప ఏం చేస్తే అది చేయాలి. మొదట్లో నాటకమాడుతున్నట్టుండేది. మామ నీళ్లు పోస్తుంటే పక్కన కూర్చునేదాన్ని. తర్వాత చెంబుతో నీళ్లు అందించేదాన్ని. తర్వాత నేనే పోసేదాన్ని, మామ పట్టుకునేవాడు.

జూన్‌లో ఒకరోజు పాప నాలుక బయటపెట్టింది. నేనూ పెట్టాను. పాప ఒక క్షణం ఆగి, చూసి, బోసినోరంతా తెరిచి నవ్వింది. మామ వైపు కాదు, నా వైపే. అప్పుడు నాలో ఏదీ పొంగలేదు. చాలా రోజులుగా తిమ్మిరెక్కిన కాలిలోకి రక్తం దిగితే ఎలా ఉంటుందో అలా, కొంచెం నొప్పిగా ఉంది. ఆ మధ్యాహ్నం తొట్టె ఊపుతూ పదిహేడో ఎక్కం పాడాను. నూట రెండు దాకా వచ్చి ఆగిపోయింది. మరునాడు నూట డెబ్బై దాకా వెళ్లింది.

మొత్తం ఎనిమిది నెలలు మందు వాడాను. మళ్లీ బడికి వెళ్లాను. పాప ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది, తాతతో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడుతుంది. నాకు ఆ రోజుల్లో ఎక్కువగా గుర్తుండేది మాత్రం వానలు మొదలైన రోజు.

ఆసుపత్రిలో విన్నప్పటి నుంచీ హరి తండ్రితో సరిగ్గా మాట్లాడలేదు. కోపం చూపించలేదు. నీళ్లొచ్చాయా, పాలు తెచ్చావా, అంతవరకే. పుట్టి మూడు నెలలకే తల్లి పోతే, మేనత్త దుర్గమ్మ దగ్గర పదేళ్లు పెరిగినవాడు. తల్లి మాట ఎత్తగా నేనెన్నడూ వినలేదు.

ఆ రోజు ఆదివారం. పొద్దున్నే ఆకాశం నల్లగా దిగింది. పాప లోపల తొట్టెలో పడుకుంది. మేము ముగ్గురం వసారాలో కూర్చొని చాయ్ తాగుతున్నాం. రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి. మట్టి వాసన లేచింది. హరి గ్లాసు చేతిలో తిప్పుతూ, తండ్రి వైపు చూడకుండానే అడిగాడు.

"బాపూ, అమ్మ నన్ను ఎత్తుకునేదా?"

మామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎత్తుకునేది," అన్నాడు. "నేను షిఫ్టుకు పోయేటప్పుడు నిన్ను ఎత్తుకొని క్వార్టర్ కిటికీ కాడ నిలవడేది. నీ చెయ్యి వట్టుకొని నాకు టాటా ఊపేది. మొకంల నవ్వు లేకుండె. గని రోజూ ఊపేది. ఒక్క రోజు గూడ తప్పలే."

హరి తల వంచుకున్నాడు. మామ చేయి చాపి కొడుకు వీపు మీద వేశాడు. పాప వీపు మీద వేసినట్టే, మెల్లగా.

అప్పుడే వాన ఒక్కసారిగా దిగింది. రేకులు దడదడలాడాయి. లోపల పాప ఉలిక్కిపడి ఏడ్చింది.

ముగ్గురం ఒకేసారి లేచాం.